కూత వేసేది మా అక్క

మా గరాజు గోడకి పదకొండు జతల ఎల్క్ కొమ్ములున్నాయి, గుర్రమంత దుప్పివి. ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపిస్తాను. వద్దన్నా వినను. ఏ ఏడు, ఏ లోయ, ఎన్ని అంగల దూరం, కొమ్ముకి ఎన్ని మొనలు, అన్నీ నాకు నోటికొచ్చు. పదకొండింటినీ కొట్టింది నేనే, అదీ తుపాకీతో కాదు, విల్లుతో. పదకొండింటినీ నా ముందుకి పిలుచుకొచ్చింది మాత్రం మా అక్క మార్లిస్. ఆ రెండో ముక్క నేనెప్పుడూ ఎవరికీ చెప్పినట్టు గుర్తు లేదు.

విల్లుతో ఎల్క్ వేట ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకరు విల్లు పట్టుకుని ముందు కూర్చోవాలి. ఇంకొకరు అరవై డెబ్భై అంగలు వెనక, చెట్లలో నిలబడి ఎల్క్‌లాగా కూత వెయ్యాలి. తన ఆడవాటి జోలికి ఇంకో పోతు వచ్చిందనుకుని అడవిలో ఉన్న పోతు కయ్యానికి దిగి వస్తుంది. దాని ధ్యాసంతా వెనకనుంచి వచ్చే కూత మీదే ఉంటుంది. దారిలో నక్కి కూర్చున్నవాడి మీద ఉండదు. వాడు కొడతాడు, ఫొటో దిగుతాడు, గరాజులో మేకు దిగ్గొడతాడు. కూత వేసినవాళ్ళకి కనిపించేది చెట్లు, ఆకులు, అంతే.

ఆ పందొమ్మిదేళ్ళూ ముందు కూర్చుంది నేను, వెనక నిలబడింది అక్క. అలా ఉండాలని ఎవరూ నిర్ణయించలేదు. మొదటి ఏడు నేను కూత వేస్తే బురదలో దిగబడ్డ దూడ అరిచినట్టుందని అక్క పొట్ట పట్టుకుని నవ్వి, “ఇలా తేరా” అని కూత వేసే రబ్బరు బిళ్ళ నా నోట్లోంచి లాక్కుని, చొక్కాకి తుడిచి, తను ఊదింది. లోయ అవతలనుంచి వెంటనే జవాబొచ్చింది. ఆవిడ నలభై ఏళ్ళుగా మా లూథరన్ చర్చిలో పాడుతోంది. బడి వంటింట్లో మూడొందల మంది పిల్లల్ని గరిటెతో పనిలేకుండా గొంతుతోనే వరసలో నిలబెట్టిన మనిషి. ఆ రోజునుంచీ కూత ఆవిడది, విల్లు నాది. ముందు కూర్చుంటావా అని నేను అడగలేదు. కూర్చుంటానని ఆవిడా అనలేదు.

పోయినేడు జులైలో అన్నది.

నేను కౌంటీ రోడ్లు చదును చేసే బండి నడుపుతాను. పనినుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్నాను. అక్క వచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చుంది.

“గార్తూ, ఈ సెప్టెంబరులో ముందు నేను కూర్చుంటా. వెనక నువ్వు నిలబడు.”

“ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడేమొచ్చిందే నీకు?”

“కళ్ళ డాక్టరు దగ్గర్నుంచే వస్తున్నా. ఎడమ కంట్లో నడిమధ్య మచ్చ పడిందిట. పక్కలన్నీ కనిపిస్తాయి, నడిమి కనపడదు. ఆ కంటితో నీ మొహం చూస్తే ముక్కూ నోరూ లేవు, చెవులు మాత్రమే ఉన్నాయి.”

“అయితే ఆ కంటికి అందంగానే ఉంటానన్నమాట.”

“పోవాల్సినవి ఆ చెవులురా. అవి మాత్రం ఎక్కడికీ పోలేదు.”

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆవిడ నవ్వడం ఆపింది. కుడి కన్ను ప్రస్తుతానికి బాగానే ఉందిట. కాకపోతే ఏడాది లోపల అదీ అదే దారి పడుతుందన్నాడట డాక్టరు.

“పందొమ్మిదేళ్ళు పిలిచాన్రా. ఒక్కదాన్నైనా బతికుండగా దగ్గర్నుంచి చూసిన పాపాన పోలేదు. నేను వచ్చేసరికి అది నేల మీద పడుంటుంది. నువ్వు కొమ్ములు పట్టుకుని పళ్ళికిలిస్తూ ఉంటావు. ఎలా ఉందిరా అని అడిగితే ‘పెద్దది, ఆరు మొనలు’ అంటావు. ప్రతిసారీ అదే మాట. ఒక్కసారి నా కళ్ళతో చూడాలి. మచ్చ కుడి కంటికి రాకముందు.”

నాకు సిగ్గేసింది. నాకు సిగ్గేస్తే కోపమొస్తుంది. “అంత కోరికుంటే ముందే చెప్పి చావొచ్చుగా!” అని కసిరాను. అక్క నా భుజం మీద చెయ్యేసి లేచి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆవిడ డోరీన్ ఏమైందని అడిగితే దాని మీదా విసుక్కున్నాను.

ఆగస్టంతా అక్క వాళ్ళింటి వెనక గడ్డిమోపు పెట్టుకుని నా పాత విల్లుతో సాధన చేసింది. ఆవిడకి ఆవిడే ఒక కట్టుబాటు పెట్టుకుంది, పదిహేను అంగలు దాటితే వెయ్యనని. గాయపరిచి అడవిలో వదిలేసే పాపం తన వల్ల కాదంది. పదిహేను అంగల్లో మాత్రం నాలుగు బాణాలూ పళ్ళెమంత జాగాలో పడుతున్నాయి. చూసి సంతోషించాను.

ఇక మూట కట్టడం. మా ఇద్దరిలో మూట కట్టే పని కూత వేసేవాళ్ళది. ముందు కూర్చునేవాళ్ళ బుర్రలో విల్లు తప్ప ఇంకోటి ఉండకూడదని అక్క పెట్టిన పద్ధతి. కాబట్టి ఈసారి కట్టాల్సింది నేను. బుధవారం సాయంత్రం ఆవిడ వంటింట్లో బల్ల మీద రేకు పెట్టె తెరిచాం. దాని మూత లోపలివైపు ఒక జాబితా ఉంది. పందొమ్మిదేళ్ళుగా అక్క చేతిరాత. కాగితం మీద కాగితం అంటించుకుంటూ వచ్చింది.

ఆ జాబితా నేను ముందెప్పుడూ సరిగా చదవలేదు. చదవాల్సిన అవసరమేముంది? అడవిలో చెయ్యి చాపితే కావాల్సింది చేతిలోకొచ్చేది.

ప్రతి వస్తువు పక్కనా ఎందుకు చేరిందో రాసుంది. ‘రెండో జత ఉన్ని సాక్సులు. గార్త్ వాగులో పడ్డాడు.’ ‘మణికట్టు ట్రిగ్గరు, రెండు. గార్త్ ఒకటి ఇంట్లో మర్చిపోయి మూడు గంటలు ఏడ్చాడు.’ నేనేమీ ఏడవలేదు. అది లేకుండా ఇప్పటి విల్లు నారిని వేళ్ళతో లాగి గురిగా వదలడం ఎవడి తరమూ కాదు, అంచేత కాస్త బాధపడ్డాను. ‘బాణపు ములుకులు ఆరు, డబ్బాలో. జేబులో కాదు. గార్త్ తొడకి ఏడు కుట్లు.’ ‘గాలి చూసే పొడి సీసా.’ ‘ఎలుగుబంట్లని తరిమే స్ప్రే, నడుముకి, సంచిలో కాదు.’ ‘విల్లు మరలు బిగించే తాళపుచెవులు.’ ‘నారింజ రిబ్బను, నెత్తుటి జాడ గుర్తుకి.’ ‘మాంసానికి తెల్ల గుడ్డ సంచులు, ఐదు.’ ‘రెండు కత్తులు, ఆకురాయి.’ ‘తాడు.’ ‘నీళ్ళు వడకట్టే గొట్టం. గార్త్‌కి విరేచనాలు.’

“నా పరువంతా మూత మీద పెట్టావు కదే.”

“పెట్టెకి మూత ఉంది కాబట్టి ఊళ్ళో పడలేదు. ఊఁ, చదువు.”

పాత కాగితాల మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కిందకి వచ్చేకొద్దీ పెద్దవవుతూ వచ్చాయి. చివరి కాగితం మీద ఒక్కొక్క అక్షరం నా బొటనవేలంత ఉంది.

జాబితాలో ఉన్నవన్నీ ఒక్కటి వదలకుండా సర్దాను. జెర్కీ అనే ఎండుమాంసం, గింజలు, కాఫీ, వేరుశనగ ముద్ద రాసిన రొట్టెలు కూడా. పొద్దున బయల్దేరేటప్పుడు అక్క ఫ్రిజ్‌లో వెన్న పెట్టుకునే అర తెరిచి చిన్న డబ్బా ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. అందులో అంగిట్లో పెట్టుకుని ఊదే పల్చటి రబ్బరు బిళ్ళలు, నాలుగు.

“ఇది నీ దగ్గరుంచుకో” అంది. అంతే అంది.

నేను దాన్ని లారీలో స్టీరింగ్ ముందు, అద్దం కింద పడేశాను.

దారిలో మధ్యాహ్నం హోటల్ దగ్గర ఆగాం. హకల్‌బెర్రీ పళ్ళు పెట్టి కాల్చే ‘పై’ అనే తీపి రొట్టె తిన్నాను. బాగుందని ఇంకోటి తిన్నాను. బయట ఎండ పెళపెళలాడుతోంది, లారీ అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. అక్కడినుంచి రెండు గంటలు మట్టిరోడ్డు మీద పోయి, మిటెన్ వాగు ఒడ్డున గుడారం వేసి, సాయంత్రం ఒకసారి ఊది చూద్దామని డబ్బా తెరిచాను.

నాలుగు బిళ్ళలూ అంటుకుపోయి ముద్దయ్యాయి. గోటితో విడదీయబోతే పొర చిరిగింది. రెండోది చిరిగింది. మూడోది కూడా. నాలుగోది నోట్లో పెట్టుకుని ఊదితే గాలి మాత్రమే వచ్చింది.

“అక్కా.”

ఆవిడ వచ్చి డబ్బాని కళ్ళ దగ్గరగా పెట్టుకుని, తల పక్కకి తిప్పి చూసింది.

“ఎక్కడ పెట్టావురా?”

“అద్దం కింద.”

“ఎండలో?”

“పై తిన్నాను కదా... అప్పుడు.”

“రెండు తిన్నావు” అంది.

తిట్టి ఉంటే బాగుండేది. నేనే అందుకున్నాను. “జాబితాలో రాసి చావొచ్చుగా! నా విరేచనాలు రాశావు, సాక్సులు రాశావు, బిళ్ళలు రాయలేవూ?”

“అది నువ్వు మర్చిపోయేవాటి జాబితారా. నేను మర్చిపోయేవాటిది కాదు.” అక్క మెల్లగా చెప్పింది. “కూత సామాను ఎప్పుడూ నా చొక్కా లోపలి జేబులో ఉండేది. ఎండ తగలకుండా, చలికి బిగుసుకోకుండా. ఎవరికి గుర్తు చెయ్యాలని రాస్తాను?”

ఊరెళ్ళి కొత్తవి తేవాలంటే ఒక రోజు పోతుంది. మాకున్నవి రెండు రోజులు. ఆదివారం మధ్యాహ్నానికల్లా వెనక్కి చేరాలి, సోమవారం తెల్లవారేసరికి నేను బండెక్కాలి. అక్క కంటికి ఏడాది గడువిచ్చాడు డాక్టరు. వచ్చే సెప్టెంబరు ఆ గడువుకి అవతల ఉంది. అన్నేళ్ళకి నన్ను ఒక్కటి అడిగింది, రెండు పైలకి అది కాస్తా పోగొట్టాను. ఆ రాత్రి గుడారంలో నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడంతా చేతులు నోటికడ్డం పెట్టుకుని కూశాను. ఫలితం చెప్పక్కర్లేదు. ఒక ఉడత నా మీద కోప్పడి పైన్ కాయ విసిరింది. సాయంత్రం అక్క నవ్వుతూనే అంది, “ఒరేయ్, ఇంక వదిలెయ్. ఉన్నవి కూడా కెనడా పారిపోతాయి.”

“మరేం చెయ్యమంటావు? నువ్వే కూత వెయ్యి, నేను...”

“నేను నోరు తెరిస్తే అది నా మీదకే వస్తుంది. ముందు కూర్చున్నవాళ్ళు ఊపిరి కూడా వినపడనివ్వకూడదు. నీకు తెలీదా?” కాసేపు ఆలోచించింది. “నీకు కూత రాదు. విరగ్గొట్టడం వచ్చు. చిన్నప్పట్నుంచీ ఇంట్లో ఏది మిగలనిచ్చావు? ఎండిన కొమ్మ తీసుకుని చెట్టుని చావగొట్టు. పోతు కోపంలో కొమ్ములు చెట్టుకేసి ఎలా రాస్తుందో అలాగ. కొమ్మలు తొక్కు, నేల కాలితో తన్ను. కూత లేకపోయినా ఆ చప్పుడుకి రావచ్చు.”

“వస్తుందా?”

“నేను ఎన్నిసార్లు అలా తెప్పించాననుకున్నావు? నువ్వు కూతే విన్నావు. మిగతాది వినలేదు.”

ఆఖరి రోజు శనివారం. మధ్యాహ్నం మూడు దాటింది. వాగు పైన వాలులో బురదగుంట ఒకటుంది, ఎల్క్‌లు పొర్లే చోటు. తాజా గిట్టల గుర్తులు, అడుగు పెట్టగానే ముక్కుకి కొట్టే వాసన. పొడి సీసా నొక్కి చూశాను. తెల్లటి పొడి మెల్లగా కొండ పైకి పోతోంది. పోతు కిందనుంచి వస్తే మా వాసన దానికి తగలదు. అక్కని పడిపోయిన మాను వెనక, ఒక చిన్న పైన్ మొక్క పక్కన కూర్చోబెట్టాను. ట్రిగ్గరు పట్టీ మణికట్టుకి బిగించాను. బాణం నారికి తొడిగి ఒళ్ళో పెట్టుకుంది. ఎనభై ఏళ్ళ మాను వెనక అరవై నాలుగేళ్ళ మనిషి, చూస్తే పిల్లలాగే ఉంది.

“వెళ్ళు” అంది. “ఒకటి గుర్తు పెట్టుకో. అది దగ్గరపడేకొద్దీ నువ్వు దూరం పోవాలి. నువ్వు వెనక్కి తగ్గుతున్నావని అనుకుంటేనే ముందుకొస్తుంది. ఆగిపోయావో, అదీ ఆగిపోతుంది. తొంగి చూశావో, అయిపోయింది.”

డెబ్భై అంగలు వెనక్కి పోయి, నా చెయ్యంత ఎండుకొమ్మ ఏరుకుని, ఒక లేత లాడ్జ్‌పోల్ పైన్ చెట్టు మీద పడ్డాను. నా సిగ్గూ కోపమూ రెండు పైలూ కలిపి ఆ చెట్టు మీద తీర్చుకున్నాను. బెరడు ఊడి వచ్చింది. కింద కొమ్మలు పెళపెళా విరిగాయి. ఆపాను. విన్నాను. ఏం లేదు. మళ్ళీ రాశాను, తన్నాను, తొక్కాను. చెమట కళ్ళలోకి కారుతోంది. అరగంట గడిచింది.

అప్పుడు కింద వాగు పక్కనుంచి లేచింది, కూత.

ఇన్నేళ్ళు ఆ కూత విన్నవాణ్ణే. ముందు కూర్చున్నప్పుడు చెవులకి పని తక్కువ. ఎక్కడ కాలు పెడుతుంది, ఎప్పుడు పక్కకి తిరుగుతుంది, ఎన్ని అంగలు, ఇదే లెక్క. ఇప్పుడు నా చేతిలో కొమ్మ తప్ప ఇంకేం లేదు. ఆ కూత ఎక్కడో లోతుల్లో మొదలై, మెట్లు మెట్లుగా పైకెక్కి, కొండంతా ఒక్క సన్నటి గొంతయి నిలబడి, మళ్ళీ దబ్బున గరగరమని గుర్రుగా కిందపడింది. నా రొమ్ముటెముకలు ఒణికాయి. ఆరొందల పౌండ్లకి పైబడ్డ జంతువుకి అంత సన్నటి గొంతెందుకు పెట్టాడో దేవుడు! వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. భయం కాదది. చర్చిలో అందరితోపాటు లేచి నిలబడినప్పుడు కూడా ఎన్నడూ రానిది, ఆ చెట్ల మధ్య వచ్చింది. మోకాళ్ళ మీద పడాలనిపించింది.

కొమ్మ అందుకుని చెట్టుని మళ్ళీ రాశాను. జవాబు వెంటనే వచ్చింది, ఇంకా దగ్గరగా. రాళ్ళు దొర్లాయి. ఒక చెట్టు పైనుంచి కిందదాకా ఊగిన చప్పుడు. వస్తోంది. అక్క వైపే వస్తోంది. నా కాళ్ళు ముందుకి పోవాలని గింజుకున్నాయి. ఒక్క అడుగు పక్కకి వేసి చెట్ల సందులోంచి తొంగిచూస్తే చాలు, కనిపిస్తుంది. ఒక్క అడుగే.

వెనక్కి తిరిగాను. కొమ్మని నేల మీద ఈడ్చుకుంటూ, ఎండు పుల్లలు తొక్కుకుంటూ, కొండ పైకి నడిచాను. కూత నా వీపుకి తగులుతోంది. నేను ఇంకా నడిచాను. వంద అంగలు, నూట ఇరవై. ఈ భూమ్మీద నాకు తెలిసిన అన్నింటిలోకీ గొప్పదాన్ని వెనక వదిలేసి, దానికి వీపు చూపించి నడవడం. మా అక్క పందొమ్మిదేళ్ళు చేసిన పని ఇదన్నమాట. ఏడాదికి పది పదిహేను సార్లు. ఏడుపొచ్చింది. మూత మీద రాసుకుంటే రాసుకోనీ, ఈసారి నిజంగానే ఏడ్చాను.

తర్వాత నిశ్శబ్దం. నారి మోగుతుందని చెవులు రిక్కించాను. మోగలేదు. చాలా సేపు ఏమీ లేదు. మళ్ళీ ఒక్క కూత, అక్క కూర్చున్నచోటే. అంత దగ్గర్నుంచి వినే అదృష్టం నాకు పదకొండుసార్లు వచ్చింది. పదకొండుసార్లూ నేను మొనలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ తర్వాత గిట్టల చప్పుడు తీరిగ్గా, తొందర లేకుండా, వాగు వైపు దిగిపోయింది.

పరుగున వెళ్ళాను. అక్క మానుకి ఆనుకుని కూర్చునుంది. బాణం నారినుంచి తీసి పక్కన పెట్టుంది. మొహమంతా తడి.

“వచ్చిందా?”

తలూపింది.

“ఎంత దూరం?”

“ఎనిమిది అంగలు.”

“ఎనిమిదా! ఎందుకు వెయ్యలేదే? మొనలెన్ని?”

“లెక్కపెట్టలేదురా” అంది. “ఇలా కూర్చో.”

కూర్చున్నాను.

“ఎడమ చెవికి చీలిక ఉంది, మొదట్నుంచీ కొసదాకా. ఏదో పాత కొట్లాటలో చీలినట్టుంది. పొట్ట కింద బురద ఎండి గవ్వల్లా వేలాడుతోంది, నడుస్తుంటే ఒకదానికొకటి తగిలి చప్పుడవుతోంది. కుడి కొమ్ములో పసుపుపచ్చ ఆస్పెన్ ఆకొకటి చిక్కుకుంది. ఒక్కటేరా, పేరంటానికి పెట్టుకొచ్చినట్టు. కంటి ముందు మూల దగ్గర చిన్న గాటులా ఉంటుంది చూశావూ, అరిచినప్పుడల్లా అది తెరుచుకుంటోంది. నువ్వు చూశావా ఎప్పుడైనా?”

“లేదు.”

“వెంట్రుకల మీద పుప్పొడి. నాలిక ఎలా ఒణికిందని! అరిచేముందు పొట్ట ఇంత లోపలికి పోయింది. ఆ గాలి నా మొహానికి తగిలిందిరా గార్తూ. వెచ్చగా. వాసనొస్తూ.” అక్క చెంప మీద చెయ్యి పెట్టుకుంది. “కన్ను గోధుమరంగు అనుకునేదాన్ని. అంచున నీలం ఉంది.”

పదకొండు జతల కొమ్ములున్నవాణ్ణి. ఒక్కదాని కన్ను ఏ రంగో నాకు తెలియదు. ఆ మాట పైకి చెప్పలేక మళ్ళీ కోపం తెచ్చుకున్నాను.

“అంత బాగా కనిపించిందాన్ని, ఎనిమిది అంగల్లో, ఎందుకు వదిలేశావు మరి?”

అక్క విల్లు మీద చెయ్యి వేసింది.

“కుడి కంట్లో కూడా వచ్చిందిరా. ఆగస్టు నెలాఖరున. నీకు చెప్తే తీసుకురావని చెప్పలేదు. గడ్డిమోపు కదలదు కాబట్టి అలవాటు మీద కొట్టాను.” నా వైపు తిరిగింది. నా మొహం కాకుండా నా చెవి పక్కన ఎక్కడో చూస్తోంది. రెండు రోజులుగా అలాగే చూస్తోంది, నేనే పట్టించుకోలేదు. “దేన్నైనా చూడాలంటే దాని పక్కకి చూడాలి నేను. దాని పక్కకి చూశాను కాబట్టే అంతా కనిపించింది. గురి పెట్టాలంటే నడిమికి తెచ్చుకోవాలి. తెచ్చుకున్నాను కూడా, ఒక్కసారి. విల్లు ఎత్తి, గురి చుక్క కోసం సూటిగా చూశాను. మాయమైపోయింది. అంత జంతువు, ఎనిమిది అంగల్లో, లేదు. చెట్లున్నాయి, అది లేదు. విల్లు దించేశాను. మళ్ళీ వచ్చింది.”

పక్కనున్న బాణాన్ని చేత్తో తడిమి తీసి నాకిచ్చింది.

“వెయ్యడానికి రాలేదు కదరా నేను” అంది.

దిగేటప్పుడు అక్క చెయ్యి నా భుజం మీద వేసుకుంది. గుడారం దాకా చెప్తూనే ఉంది. గిట్ట ఎలా ఎత్తింది, ఎలా ఆలోచించి పెట్టింది, నా కొమ్మ చప్పుడుకి చెవులు ఎలా తిప్పింది. “బాగా రాశావురా చెట్టుని” అని కూడా అంది. ఆ ఏడు గరాజులో కొత్త మేకు పడలేదు. డోరీన్ ఏం దొరికిందని అడిగితే ఖాళీ మాంసం సంచులు మడతపెడుతూ కూర్చున్నాను.

ఏప్రిల్‌కల్లా అక్కకి చదవడం పోయింది. జూన్‌కి నా ముక్కూ నోరూ రెండు కళ్ళకీ పోయాయి. చెవులున్నాయిలే అంటుంది.

ఈ సెప్టెంబరులో మళ్ళీ వెళ్ళాం. మూట అక్కే కట్టించింది, నోటితో చెప్పి. జాబితా ఇప్పుడు నా చేతిరాతలో ఉంది. మొదటి వస్తువు కూత బిళ్ళలు, అక్క చొక్కా లోపలి జేబులో. వెనక అక్క నిలబడింది. కూత వెయ్యడానికి కళ్ళతో పనిలేదు, ఆవిడకి ఎన్నడూ లేదు. నేను అదే మాను వెనక, అదే పైన్ మొక్క పక్కన, బాణం తొడిగి, వేట అనుమతి ట్యాగు జేబులో పెట్టుకుని కూర్చున్నాను.

నాలుగు కూతలకి వచ్చింది. పన్నెండు అంగల్లో ఆగి పక్కకి తిరిగింది. అంతకంటే సులువైన వేటు నా పందొమ్మిదేళ్ళలో రాలేదు. విల్లు సగం లాగాను. అప్పుడు తల తిప్పింది. ఎడమ చెవి మొదట్నుంచీ కొసదాకా చీలి ఉంది.

నారి మెల్లగా వెనక్కి వదిలాను. విల్లు ఒళ్ళో పెట్టుకున్నాను. అది అక్కడున్నంతసేపూ ఊపిరి బిగపట్టి చూశాను. చూసింది మర్చిపోకుండా ఒక్కొక్కటే లోపల చెప్పుకుంటూ చూశాను, ఎందుకంటే వెనక నూట ఇరవై అంగల్లో, దీనికి వీపు చూపించి, కర్ర ఈడ్చుకుంటూ కొండ పైకి తడుముకుంటూ పోతున్న మనిషి ఒకరున్నారు.

అది వెళ్ళాక అక్క దగ్గరికి వెళ్ళాను. చెట్టు మొదట్లో కూర్చునుంది.

“నారి మోగలేదేరా? రాలేదా?”

“వచ్చింది.”

“పెద్దదా? మొనలెన్ని?” ఆ ఎగతాళి నాకు తెలుసు.

“లెక్కపెట్టలేదు. అక్కా, వాడే. చెవి చీలిక ఉంది.”

అక్క చెయ్యి చాపి గాలిలో వెతికింది. నా మణికట్టు దొరగ్గానే గట్టిగా పట్టుకుని కిందకి లాగింది.

“కూర్చో” అంది. “మొదట్నుంచీ చెప్పు. ఏదీ వదలకు.”

కూర్చున్నాను. చెవి దగ్గర మొదలుపెట్టాను.